అద్దంలో పడని సీటు

గుణదల గేటు పడింది.
ఇంజను ఆపేశాను.
నా ఆటో వెనక సీట్లో కోర్టు మొదలైంది.

ముద్దాయి మస్తాన్, మూడో తరగతి.
వాటర్ బాటిల్‌తో జిష్ణు పెదవి చిట్లగొట్టాడు.
సాక్ష్యం, తెల్లచొక్కా మీద రూపాయి బిళ్ళంత ఎరుపు.

"కావాలని కాదు, బాటిల్ జారింది."
"జారితే కిందికి పడుద్ది, మూతి మీదికి ఎగరదు"
అంది ప్రిసిల్లా, పదేళ్ళకే పెద్ద లాయరు.
"వాడు మా నాన్నని పల్లీల బండోడన్నాడు!"
"అమ్మేది పల్లీలేగా?"
"అన్న తీరు వేరు."

ఆ తీరు మీద నడిచింది వాదన
గూడ్సు బండి పోయినంతసేపూ.
ఎల్కేజీ బుడ్డోడు పెట్టెలు లెక్కపెడుతూ
ముప్ఫై దగ్గర తప్పిపోయి మళ్ళీ ఒకటి నుంచి మొదలెట్టాడు.

తీర్పు వచ్చింది: వారం రోజులు చివరి సీటు జిష్ణుది.
గేటు లేచేసరికి
ఒకే జంతికల పొట్లంలో రెండు చేతులు.
కారం తగిలి వీడు "అబ్బా" అంటే
వాడు వంగి పెదవి మీద ఊదాడు.

దెబ్బల కేసులింతే.
ఎనిమిదేళ్ళుగా చూస్తున్నా,
పడవలరేవు దాకా నిలిచింది ఒక్కటీ లేదు.

అప్పుడడిగాడు బుడ్డోడు:
"మరి హంసిని అక్కతో ఎవ్వరూ మాట్లాడట్లేదుగా,
దానికి ఫైను లేదా?"

అద్దంలో మొహాలన్నీ
ఒక్కసారే రోడ్డు వైపు తిరిగాయి.

"మేమేం కొట్టలేదే."
"మాట్లాడి తీరాలని రూలుందా?"
"టీచర్‌కి చాడీలు చెప్పింది, అందుకే."
"నా పుట్టినరోజు, నా చాక్లెట్లు. నా ఇష్టం."
"నాకు మాట్లాడాలనే ఉంది...
మాట్లాడితే నన్ను కూడా కటీఫ్ అంటారు."
"రక్తం రాలేదుగా."

కాసేపాగి జిష్ణు,
వాచిన పెదవితో మాటలు నలుగుతుంటే:
"నన్ను కొడితే తిరిగి కొడతా.
మాట్లాడకపోతే, తిరిగి మాట్లాడకుండా ఉన్నా
ఎవరికి తెలుస్తది?"

ప్రిసిల్లా దగ్గర కూడా పాయింటు లేదు.

హంసిని నా పక్కనే ఉంది.
పదిహేను రోజులుగా నా సీటు అంచు మీదే,
బ్యాగు ఒళ్ళో పెట్టుకుని, కమ్మీ పట్టుకుని.
మొదటి రోజు అడిగాను, ముందుకెందుకొచ్చావని.
"ఇక్కడ గాలి బాగుంటది బాబాయ్."
నమ్మేశాను.
వెనక ఇరుకు తగ్గిందని సంబరపడ్డాను కూడా.
నా అద్దం మంచిదే. వెనక ఎవరు గిల్లినా పట్టిస్తది.
పక్కనున్న పిల్ల మాత్రం అందులో పడదు.

నా కనుబొమ్మ మీద నాలుగు కుట్లున్నాయి.
స్టేషన్ దగ్గర స్టాండులో గొడవ.
అడిగినోడికీ అడగనోడికీ చెబుతాను ఆ కథ,
ప్రతిసారీ ఒక మనిషిని పెంచి.
ఆ తర్వాతి ఆర్నెల్లు
టీకి తలలు లెక్కపెట్టినప్పుడల్లా
నన్ను దాటి లెక్కపెట్టారు.
అది మా ఆవిడక్కూడా చెప్పలేదు.
ఏమని చెప్పను? ఏ చొక్కా విప్పి చూపించను?

"ఎట్టా ఉంటదమ్మా?" అన్నాను,
కాలువ వైపు చూస్తూ, దాన్ని చూడకుండా.

"ఏం ఉండదు బాబాయ్.
ఇంటర్వెల్ పెద్దదైపోద్ది.
అంతే."

వెనక ఎవరో జరిగిన చప్పుడైంది.
చోటివ్వడానికో, కాలు తిమ్మిరెక్కో,
నాకు తెలియదు, అడగలేదు.

బీఆర్టీఎస్ రోడ్డు ఎక్కాక
అద్దాన్ని కొంచెం ఎడమకి వంచాను.
వెనకొచ్చే బస్సు సగం పోయింది.
ఎర్ర రిబ్బను కొస ఒకటి
గాలికి కొట్టుకుంటూ కనపడింది.